బిస్త్రా ఊట మీద రాసిన వ్యాసం

యాసెనార్,
11 మార్చి 2013

తమ్ముడు తిహోమిర్‌కి,

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటే, నీ గొంతు వింటే నేను మెత్తబడిపోతాను. ఈసారి మెత్తబడదలుచుకోలేదు.

ఇక్కడ రెండు చలికాలాలుగా ఒకటే వరస. గట్టి వాన పడినా, కొండ మీద మంచు కరిగినా, బిస్త్రా ఊట నీళ్లు మడ్డిగా వస్తున్నాయి. నాలుగైదు రోజులు తిరిగేసరికి బడిలో సగం బల్లలు ఖాళీ. పిల్లలకి వాంతులు, విరేచనాలు. ల్యాబ్‌లో నేనూ సెంకా రోజుకి మూడుసార్లు పరీక్ష చేస్తున్నాం, క్లోరిన్ పెంచుతున్నాం. ముప్ఫై ఏళ్లుగా ఈ ఊరికి నీళ్లిస్తున్నదాన్ని, ఊట ఇలా అంతుపట్టకుండా పోవడం ఇదే మొదలు.

పోయిన గురువారం కంప్యూటర్‌లో వెతుకుతుంటే మన 'రాయీ నీరూ' పత్రికలోనే ఒక వ్యాసం కనబడింది. ఫిబ్రవరి సంచిక. 'దులిబా గుంట నుంచి బిస్త్రా ఊటకు భూగర్భ జలమార్గం'. ఆ పేరు రెండుసార్లు చదివాను. ఊరి పైనున్న దులిబా గుంటలో దిగిన నీళ్లు పడమటికి, నదిలోకి పోతాయనే కదా ఊరంతా నమ్మేది. ఆ గుంటలో కబేళా వాళ్లు నాలుగేళ్లుగా ఏం పోస్తున్నారో నీకు తెలుసు.

వ్యాసం తెరవబోతే నాలుగు వరుసల సారాంశం, దాని కింద ఒక బూడిదరంగు గడి. ఒక్కరోజు చదువుకోవడానికి ముప్ఫై ఎనిమిది యూరోలట. మేయర్ స్టీపాన్ దగ్గరికి వెళ్లి అడిగితే కడుపు పట్టుకుని నవ్వాడు. "మీ తమ్ముడు నడిపే పత్రికని ఊరి డబ్బుతో కొనమంటావా నెవెంకా? ఒక స్టాంపు అంటించు, చాలు" అన్నాడు. అంటించాను.

పోనీ యూరే గీసిన పాత దులిబా గుహ పటమైనా చూద్దామని 1987 సంచిక వెతికాను. దానికీ అదే గడి, అదే ధర. నా మొగుడు నా వంటింటి బల్ల మీద, నేను పట్టుకున్న దీపం కింద గీసిన పటం అది. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఆ గీతలకి డబ్బు కట్టమని నన్నడిగేవాడు ఎవడు?

గుహల సంఘం గదిలో మనం ఆ పత్రికకి రేపర్లు చుట్టిన రోజులు మర్చిపోయావా? ఉత్తరం రాసి అడిగినవాడికల్లా పంపేవాళ్లం. యుద్ధంలో కూడా ఆగింది రెండే సంచికలు.

వ్యాసం పంపు. పత్రికకి తాళం ఎప్పుడు పడిందో, ఎవరు వేశారో అది కూడా రాయి.

మీ అక్క
నెవెంకా

*

జాగ్రెబ్,
19 మార్చి 2013

ప్రియమైన అక్కకి,

వ్యాసం ఈ కవరులోనే పెట్టాను. నువ్వు అడగడం, నేను పంపడం, ఇందులో అంత ఘాటుగా రాయాల్సిందేముంది? నేనున్నాను కదా.

తాళం అన్నావు. అది తాళం కాదు, పత్రికని బతికించిన ఏర్పాటు. 2010లో సర్కారు సాయం సగానికి కోశారు. అచ్చుకూటం వాడు పాత బాకీ తీరిస్తేనే కొత్త సంచిక ముట్టుకుంటానన్నాడు. వ్యాసాలు దిద్దేది నేను, పేజీలు పేర్చేది నేను, పోస్టాఫీసుకి మోసేది నేను. అప్పుడొక విదేశీ ప్రచురణ కంపెనీ వచ్చింది. అన్ని పనులూ మేం చూసుకుంటాం, పత్రిక పేరూ, 1961 నుంచి వచ్చిన పాత సంచికలూ మావి అవుతాయి అన్నారు. సంఘం చేతులెత్తి ఒప్పుకుంది. 2011 జనవరిలో సంతకాలయ్యాయి.

ఇప్పుడు మన పత్రికలో ఒక వ్యాసం పడితే కుర్రవాళ్లకి రెట్టింపు పాయింట్లు. ఉద్యోగాలు వాటి మీదే వస్తాయి. యాభై ఏళ్లు గుహల్లో అరిచాం, ఎవరికీ వినబడలేదు. ఇవాళ జపాన్ వాడు మన వ్యాసం ఉటంకిస్తున్నాడు. పెద్ద విశ్వవిద్యాలయాలన్నీ చందా కడతాయి, చదువుకుంటాయి. ఊళ్లలో ఎవరికో ఎప్పుడో అవసరపడితే నాలాంటివాడు ఒకడు ఉండనే ఉంటాడు.

బావ పటం ఎక్కడో నా బీరువాలో ఉండాలి, చూస్తాను. వ్యాసం నెమ్మదిగా చదువు. ఒక్కసారి చేసిన పరీక్ష అది. ఊళ్లో గగ్గోలు పెట్టకు.

నీ తమ్ముడు
తిహోమిర్

*

యాసెనార్,
2 ఏప్రిల్ 2013

తిహోమిర్,

నెమ్మదిగానే చదివాను. నాలుగు కిలోల ఆకుపచ్చ రంగు దులిబాలో పోశారు. తొమ్మిదో రోజుకి మన ఊటలో తేలింది. పరీక్ష చేసింది 2010 అక్టోబర్‌లో.

చదువుతుంటే, నీ విభాగం నుంచి వచ్చిన ఆ అమ్మాయి గుర్తొచ్చింది. దున్యా. ఊట దగ్గర నీళ్లలో బొగ్గు సంచులు కట్టి, వారం వారం వచ్చి మార్చుకుని పోయేది. చలికి వణుకుతుంటే లోపలికి పిలిచి కాఫీ, గొర్రె జున్ను పెట్టాను. బొగ్గు రంగుని పట్టి ఉంచుతుంది, కంటికి కనబడనంత ఉన్నా తర్వాత తేలుతుంది అని చెప్పింది. ఫలితం ఏమిటని అడిగితే, పత్రికలో వస్తుంది అంది.

వచ్చింది. రెండున్నరేళ్లకి.

నువ్వు మర్చిపోయిన సంగతి ఒకటి గుర్తుచేస్తాను. తాగే నీళ్లకి సంబంధించిన ఫలితం ఏదైనా సరే, అచ్చుకంటే ముందు, అదే వారంలో, ఆ నీళ్లు తాగే ఊరికి ఒక్క పేజీ ఉత్తరం పోవాలి. మన సంఘం పెట్టుకున్న మొదటి నియమం అది. నాకు ఆ ఉత్తరం ఎందుకు రాలేదు? వచ్చి ఉంటే నేను చేయాల్సింది ఒక్క వాల్వు తిప్పడమే. కొండ మీద కోసా బోరుబావి ఉంది. కరెంటు ఎక్కువ కాలుతుందని వాడం గానీ, ఊరికి సరిపోతుంది. వాన పడ్డ రోజు బిస్త్రా మూసేసి కోసా తెరిచేదాన్ని.

మడ్డి నీళ్లలో క్లోరిన్ పని చేయదు. మట్టి రేణువుల చాటున క్రిములు బతికిపోతాయి. అది నీకు నేను చెప్పక్కర్లేదు.

సెంకా కూతురు టోంకాని పోయిన బుధవారం రియెకా ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఐదేళ్ల పిల్ల. మొదట రక్త విరేచనాలు, ఆ తర్వాత మూత్రం ఆగిపోయింది. కిడ్నీలు పని చేయడం లేదు, డయాలసిస్ పెట్టారు. పశువుల పేగుల్లో ఉండే క్రిమి అని డాక్టర్లు అంటున్నారు. మా నమూనాలు అడిగారు. నేను వాటితో పాటు నీ వ్యాసం కూడా పంపాను.

వాల్వు తిప్పాను. చాలా ఆలస్యంగా.

ఉత్తరం ఎందుకు రాలేదు?

నెవెంకా

*

జాగ్రెబ్,
10 ఏప్రిల్ 2013

అక్కా,

పాప సంగతి విని రెండు రోజులు అన్నం సహించలేదు. ఇక్కడి పిల్లల కిడ్నీ డాక్టర్ ఒకాయన నాకు తెలుసు, ఆయన నంబర్ కింద రాశాను. సెంకాకి ఇవ్వు.

ఆలస్యం గురించి అంటావా, అది మామూలే. పరిశీలకులు చదవాలి, దిద్దుబాట్లు పోవాలి, వరస రావాలి. రెండేళ్లు పట్టడం ఈ లోకంలో వింత కాదు. ఆ ఒక్క పేజీ ఉత్తరం రాయాల్సింది పరీక్ష చేసినవాళ్లు. దున్యా కొత్త పిల్ల, సంఘం నియమం తెలిసి ఉండకపోవచ్చు. నేను కనుక్కుంటాను. ఆ అమ్మాయి మీద మాత్రం కోప్పడకు, ఉద్యోగం కోసం తిప్పలు పడుతోంది.

ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకు. నువ్వు కుళాయిల పక్కన కూర్చుని లోకమంతా ఒక వాల్వు అనుకుంటావు. పత్రిక మూతపడబోతుంటే, ఆ ఏడాది సంఘం సమావేశానికి నువ్వు రానేలేదు. ఇప్పుడు తాళం అంటున్నావు. ఆ వ్యాసం లేకపోతే నీకు ఈ మాత్రం కూడా తెలిసేది కాదు.

తిహోమిర్

*

యాసెనార్,
6 మే 2013

ప్రొఫెసర్ తిహోమిర్ గారికి,

తమ్ముడూ అని రాయడానికి చేయి రావడం లేదు.

దున్యాకి ఫోన్ చేశాను. మీరు కనుక్కుంటానన్నారు కదా, నేనే కనుక్కుందామని. టోంకా సంగతి చెప్పాను. మర్నాడు పొద్దున బస్సులో దిగింది. మా వంటింట్లో, అప్పుడు కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది. కాఫీ ముట్టలేదు. సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టి, నా వైపు తిప్పింది.

"నేను రాస్తానన్నాను నెవెంకా గారూ. బొగ్గు పరీక్ష పూర్తయిన రోజునే ఆయనకి చెప్పాను. నాలుగు వాక్యాలు రాసి యాసెనార్‌కి పంపిస్తానన్నాను. ఉత్తరం రాసి కవరులో పెట్టి, పై చిరునామా కూడా రాసేశాను. అప్పుడు ఇది వచ్చింది."

2011 ఫిబ్రవరి 17న మీరు ఆమెకి పంపిన జవాబు అది. మీకు గుర్తుండకపోవచ్చు, నాకు కంఠతా వచ్చేసింది. ఇదిగో:

'అచ్చుకి ముందు ఫలితం బయటికి పొక్కితే కంపెనీ వ్యాసం వెనక్కి పంపేస్తుంది. ఒప్పందం కుదిరి ఆరు వారాలు కాలేదు, మొదటి ఏడాదిలోనే పేచీ వద్దు. నీకు ఉద్యోగం కావాలా, కుళాయిల వాళ్ల మెప్పు కావాలా? యాసెనార్‌లో క్లోరిన్ ఉంది. ఓపిక పట్టు.'

"మరి ఓపిక పట్టావా?" అని అడిగాను.

"పట్టాను" అంది. "నాకు ఉద్యోగం కావాలి. పట్టాను."

ఆ పిల్ల నా ముందు తల దించుకుని కూర్చుంది గానీ అబద్ధం ఆడలేదు. మీరు? 'దున్యా కొత్త పిల్ల, నియమం తెలిసి ఉండకపోవచ్చు.' పైగా నన్ను కోప్పడవద్దన్నారు. చేసింది తను కాదని తెలిసీ తన మీద జాలి కూడా కురిపించారు. ఎంత దయ.

యాసెనార్‌లో క్లోరిన్ ఉందట. ఈ ఊరి నీళ్లు తాగి పెరిగిన నోటితో ఆ మాట ఎలా వచ్చింది? ఊరి పేరు రాసేటప్పుడు చేయి ఆగలేదా?

వ్యాసం రాసింది దున్యా. రంగు కొన్నది సర్కారు సొమ్ముతో. తప్పులు దిద్దింది మీరు, జీతం లేకుండా. బొగ్గు సంచులు కట్టడానికి మా ఊట, మా తాడు, మా మెట్లు. ఇందులో ఆ కంపెనీ పెట్టింది ఏమిటో ఎంత ఆలోచించినా తట్టలేదు. గడి ఒకటి పెట్టారు, అంతే. ఆ గడి కోసం మీరు నోరు మూసుకున్నారు, ఆ పిల్ల నోరు మూయించారు.

టోంకా బతికింది. ఇరవై రెండు రోజులు యంత్రం మీద ఉంది. కిడ్నీలు సగమే పని చేస్తాయట, పెద్దయ్యేదాకా మందులు, ఉప్పు లేని తిండి. సెంకా ఇంకా రియెకాలోనే ఉంది. ఈ కాగితం సంగతి దానికి నేనే చెప్పాలి.

జూలైలో టౌన్ హాల్లో ఊరి సమావేశం పెడుతున్నాం. అందరి ముందూ ఈ జవాబు చదువుతాను. మీరు వస్తారో రారో మీ ఇష్టం.

నెవెంకా

*

జాగ్రెబ్,
25 మే 2013

అక్కా,

నువ్వు గారు అన్నా సరే, నేను అక్కా అనే రాస్తాను.

ఆ మాటలు నావే. గుర్తున్నాయి. నీ ఏప్రిల్ ఉత్తరం అందిన రోజే పాత సందేశాలు తెరిచి చూసుకున్నాను. అన్నీ తెలిసే ఆ అమ్మాయి మీదికి నెట్టాను. ఎందుకంటే భయపడ్డాను. నీకు భయపడ్డాను, అంతకంటే చెప్పుకోదగ్గ కారణం లేదు.

అప్పుడు దాచడానికి మాత్రం ఒక కారణం ఉంది. అది ఇంకా సిగ్గుచేటు. ఆ వసంతంలో విశ్వవిద్యాలయంలో విభాగం పెద్దగా నన్ను ఎన్నుకున్నారు. పత్రికని పెద్ద కంపెనీలో చేర్చిన ఘనుడినని. ఆ ఒప్పందంలో ముందస్తు ప్రకటన కూడదని ఒక వాక్యం ఉంది. మాకు తాగునీటి నియమం ఒకటి ఉంది, దానికి మినహాయింపు ఇవ్వండి అని ఒక్క ఉత్తరం రాసి ఉంటే వాళ్లు ఒప్పుకునేవాళ్లేమో. నేను అడగలేదు. అడిగితే చికాకు పడతారేమోనని అడగలేదు. నీ పిల్లల బడి, వాల్వు, ఇవేవీ నా తలకాయలోకి రాలేదక్కా. యాసెనార్ అని రాశాను గానీ, అది నాకు పటం మీద ఒక చుక్క.

పోయిన వారం సంపాదకవర్గానికి అంతా చెప్పేశాను. దున్యాకి నేను రాసింది చదివి వినిపించాను. రాజీనామా ఇస్తున్నానని చెప్పాను. పదమూడు మందిలో మరో పది మంది నాతో పాటే సంతకాలు పెట్టారు. కంపెనీ నుంచి రెండు వరుసల జవాబు వచ్చింది: పత్రిక పేరు మాది, పాత సంచికలు మావి, కొత్త సంపాదకులని చూసుకుంటున్నాం, మీ సేవలకి ధన్యవాదాలు. యాభై రెండేళ్ల పత్రిక అక్కా. రెండు వరుసలు.

సమావేశానికి వస్తాను. ఆ జవాబు నువ్వు చదవకు. నేను చదువుతాను.

తిహోమిర్

*

యాసెనార్,
14 ఆగస్టు 2013

తిహోమిర్‌కి,

నువ్వు వచ్చావు, చదివావు. అరవై మంది ముందు నిలబడి ఒక్క మాట మింగకుండా చదివావు. ఆ మాట దాచను. తర్వాత స్టీపాన్ బల్ల గుద్దుతూ మాట్లాడటం, కబేళా మేనేజరు తలుపు దగ్గరినుంచి జారుకోవడం, అదంతా నువ్వూ చూశావు. కానీ సెంకా లేచినప్పుడు నేను నీ ముఖం చూడలేకపోయాను.

"మీరు ఈ ఊళ్లోనే పుట్టారు కదా సార్" అంది. "ఇది రాసేటప్పుడు మా ఇల్లు ఒక్కసారైనా మెదిలిందా?"

లేదు అన్నావు. ఆ ఒక్క మాటకే నీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

సాయంత్రం బస్సుకే వెళ్లిపోయావు, మంచిదే. ఆ రాత్రి నువ్వు నా ఇంట్లో ఉంటే నేనేం అనేదాన్నో తెలియదు. ఎందుకంటే నేను నీకు చెప్పనిది ఒకటుంది. ఆ హాల్లో కూడా చెప్పలేదు. నిన్ననే సెంకాకి చెప్పాను, కాబట్టి ఇప్పుడు నీకూ చెప్పవచ్చు.

2009లో కబేళాకి దులిబా గుంట వాడుకోవడానికి అనుమతి ఇచ్చిన కాగితం మీద, నీటి సరఫరా తరఫున అభ్యంతరం లేదు అని సంతకం పెట్టింది నేను. యూరే పటంలో నీళ్లు పడమటికి పోతున్నట్టు బాణం గుర్తు ఉంది. ఆయన గుహలో చివరిదాకా వెళ్లలేకపోయాడు, నీళ్లు నిండిన సొరంగం అడ్డొచ్చింది. ఆ పైన ఊహించి గీశాడు. ఊహ అని కింద సన్నక్షరాలతో రాశాడు కూడా. నాకు ఆ సన్నక్షరాలు తెలుసు. నా మొగుడి బాణం తప్పు కాదనుకున్నాను. మరుసటి ఏడాది దున్యా వచ్చి, ఊటలో సంచులు కట్టి పోయింది. ఫలితం ఏమైందమ్మా అని రెండున్నరేళ్లలో ఒక్క ఫోన్ చేయలేదు. మార్చిలో నీకు తెగ రాశానే, తాళం, గడి, దీపం అని. ఆ కోపంలో సగం ఎవరి మీదో నాకు అప్పుడే తెలుసు.

సెంకా అంతా విని, సీసాలు కడగడం పూర్తి చేసి ఇంటికెళ్లింది. ఇవాళ పనికి వచ్చింది. పన్నెండేళ్లుగా నన్ను పిన్నీ అని పిలిచేది. ఇవాళ మేడమ్ అంది.

ఇక నీ సంగతి. రాజీనామా ఇచ్చి చేతులు దులుపుకున్నావు. పదకొండు మంది పెద్దమనుషులు లేచి బయటికి వచ్చేశారు, లోపల గడి అలాగే ఉంది. రేపు ఇంకో ఊరి ఊట గురించి ఇంకో వ్యాసం దాని వెనకే పడుతుంది. దానివల్ల ఎవరికేం ఒరిగింది?

నోటరీని కలిశాను. 2011కి ముందు మన పత్రికలో రాసినవాళ్లు ఎవరూ ఎవరికీ ఏ హక్కూ రాసివ్వలేదు. రచయితలు ఇవ్వనిదాన్ని సంఘం ఎలా అమ్ముతుంది అన్నాడు ఆయన. సంఘం అటక మీద పాత సంచికలు అన్నీ ఉన్నాయి, ఎలుకలు కొట్టినవి మూడు. కాబట్టి నేనూ దున్యా ఇల్లిల్లూ తిరుగుతున్నాం. రాసినవాళ్లు బతికుంటే వాళ్ల దగ్గర, పోయినవాళ్ల పెళ్లాల దగ్గర, పిల్లల దగ్గర, 'ఎవరైనా ఎక్కడైనా ఊరికే చదువుకోవచ్చు' అని సంతకాలు తీసుకుంటున్నాం. మంచంలో ఉన్న గ్రగా తాత, కంపెనీవాడు చూస్తాడా ఇది అని అడిగి, చూస్తాడంటే రెండోసారి ఇంకా పెద్దగా పెట్టాడు. యూరే తరఫున నేను పెట్టాను. ఇప్పటికి నలభై ఒకటి.

నువ్వు కొత్త పత్రిక పెట్టు. రాసేవాళ్ల దగ్గర, చదివేవాళ్ల దగ్గర పైసా తీసుకోనిది. విశ్వవిద్యాలయం కంప్యూటర్ కేంద్రం అలాంటి పత్రికలకి ఊరికే చోటిస్తుందని దున్యా చెప్పింది. నువ్వు జాగ్రెబ్‌లో ఇరవై ఏళ్లున్నావు, నీకు తెలియదా? తెలుసు. పాయింట్లు రావని అటు చూడలేదు.

నెవెంకా

*

జాగ్రెబ్,
30 నవంబర్ 2013

అక్కా,

సంచిక వచ్చింది. పేరు 'ఊట'. ఎవరైనా తెరవొచ్చు, ఎక్కడా గడి లేదు, నువ్వే చూడు. మొదటి పేజీలో మొదటి వాక్యం మన పాత నియమం: తాగే నీళ్ల మీద ఫలితం, ఆ నీళ్లు తాగేవాళ్లకి ముందు.

పనులు పంచుకున్నాం. నేను ఉత్తరప్రత్యుత్తరాలు, ఇద్దరు దిద్దుబాట్లు, లుబ్లియానాలో ఒకావిడ భాష చూస్తుంది, దున్యా పేజీలు పేరుస్తుంది. లోగడ ఒక్కణ్ణే చేస్తున్నానని గొప్పలు పోయానే, పదిమందిని అడగడం నాకు చేతకాలేదు, అంతే. అడగకుండా అమ్మేశాను.

కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. పాత సంచికలు 'ఊట'తో పాటు కంప్యూటర్‌లో ఎక్కించడం ఆపాలని. నువ్వు పంపిన అరవై మూడు సంతకాల నకళ్లు జతచేసి జవాబిచ్చాం. ఆరు వారాలైంది, ఉలుకూ పలుకూ లేదు. పాత పేరుతో వాళ్లు ఇంకా పత్రిక వేస్తూనే ఉన్నారు, కొత్త సంపాదకులతో. గ్రంథాలయాలు చందాలు కడుతూనే ఉన్నాయి. ఆ అట్ట చూస్తే ఒళ్లు మండుతుంది.

చెడ్డ కబురు దున్యాది. దులిబా లెక్కలన్నీ, రోజువారీ కొలతలతో సహా, మళ్లీ రాసి మొదటి సంచికకే ఇచ్చింది. నియామకాల కమిటీలో ఒకాయన 'ఊట' పేరు చదివి, కొత్త పత్రికకి సున్నా పాయింట్లు, పాత వ్యాసం ఒక్కటే చాలదు అన్నాడు. నేను లేచి మాట్లాడాను, కానీ విభాగం పెద్ద పదవి నాకు ఇప్పుడు లేదు. పర్మనెంట్ ఉద్యోగం వేరేవాళ్లకి పోయింది. ఒక్క ఏడాది కాంట్రాక్టు ఇచ్చారు. నేను క్షమాపణ చెప్పబోతే, ఈసారి ఎవరూ నన్ను ఓపిక పట్టమనలేదు కదా సార్ అని నవ్వి వెళ్లిపోయింది. ఆ నవ్వు నాకు తిట్టులా తగిలింది.

మొన్న పాత స్నేహితుణ్ణి వ్యాసం అడిగాను. ప్రమోషన్ అయ్యాక ఇస్తాలే తిహో, అన్నాడు. బండబూతులు తిట్టాను. ఫోన్ పెట్టేశాక అర్థమైంది, మూడేళ్ల కిందట నేను మాట్లాడింది అచ్చం అలాగే.

టోంకా ఎలా ఉంది? అడిగే హక్కు ఉందో లేదో తెలియదు, అడుగుతున్నాను.

తిహోమిర్

*

యాసెనార్,
17 ఫిబ్రవరి 2014

తిహోమిర్‌కి,

టోంకా బడికి వెళ్తోంది. నెలకొకసారి రియెకా వెళ్లి రక్తం ఇచ్చి వస్తుంది. ఉప్పు లేని సూపు తిననని బల్ల కింద దూరుతుందట. అడిగే హక్కు సంగతి సెంకాని అడుగు, నన్ను కాదు.

దులిబా చుట్టూ కంచె వేశారు. కబేళా మీద కేసు నడుస్తోంది. వాళ్ల వకీలు నా సంతకం ఉన్న కాగితం కోర్టులో ఊపుతున్నాడు. ఊపనీ. అవును, పెట్టాను, తప్పు చేశాను అని జడ్జి ముందు చెప్పాను. ఉద్యోగానికి నెల నోటీసు ఇచ్చాను. నా కుర్చీలోకి సెంకా వస్తోంది. నాకంటే బాగా చేస్తుంది. అది ఎవరి మాటా నమ్మదు, ఇంటివాళ్లదైనా.

దున్యా వ్యాసానికి ముందు మామూలు మాటల్లో రాసిన ఒక పేజీ ఉంది కదా, దాన్ని అచ్చు తీసి కార్యాలయం తలుపుకి అంటించాను. జనం ఆగి చదువుతున్నారు. రొట్టెల కొట్టు మిలికా, తొమ్మిది రోజులంటే మరీ నిదానంగా వచ్చిందే, మా ఆయన బజారు నుంచి ఇంటికి రావడం కూడా అంతే, అని నవ్వించింది. సెంకా ఆ పేజీ నిలబడి మూడుసార్లు చదివింది. "ఇంతేనా మేడమ్? అప్పుడు మనకి రావాల్సింది ఇంత చిన్నదా?" అని అడిగింది. ఇంతే అన్నాను. ఆ తర్వాత ఇద్దరం ఒక గంటసేపు పని చేయలేకపోయాం.

నువ్వు అడగవని తెలుసు, అయినా చెప్తున్నాను. నా కోపం పోలేదు. ఆ కంపెనీ మీద, ఆ సున్నా వేసిన పెద్దమనిషి మీద, నీ మీద, నా మీద. పోవాలని కూడా నేను కోరుకోవడం లేదు. అది ఉన్నన్నాళ్లూ ఇంకో పత్రిక మన చేయి జారిపోదు.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న కార్యాలయానికి ఒక సందేశం వచ్చింది. ఉత్తర అల్బేనియాలో కొండ మీద ఒక పల్లె, అక్కడ నీళ్ల ట్యాంకు చూసే అగ్రోన్ అనే అతను. కూతురు కంప్యూటర్‌లో 'ఊట' చూపించిందట, అర్థమయ్యేలా చదివి చెప్పిందట. వాళ్ల ఊరి పైన కూడా ఒక గుంట ఉంది, దాంట్లో చచ్చిన గొర్రెలు పారేస్తారు, వాన పడితే వాళ్ల ఊటా మడ్డిగా వస్తుంది. అది చదివిన రోజే ఊట మూసేసి గాడిదల మీద నీళ్లు తెప్పిస్తున్నాడట. ఊళ్లోవాళ్లు పిచ్చివాడంటున్నారట. రంగు ఎంత పోయాలి, బొగ్గు సంచి ఎలా కుట్టాలి, ఎన్ని రోజులు చూడాలి అని అడిగాడు. అతని సందేశం అచ్చు తీసి ఈ కవరులో పెట్టాను.

ఆ ఊళ్లో పదకొండు మంది పిల్లలు ఉన్నారని రాశాడు. జవాబు నువ్వే రాయి. ఈ ఉత్తరం చదివిన వెంటనే కూర్చుని రాయి.

నెవెంకా